సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ ఆడే పిల్లల చెయ్యి పాడవకుండా ఎలా చూసుకోవాలి

మా కోనసీమ పల్లెల్లో క్రికెట్ బ్యాట్ పట్టని పిల్లాడు ఉండడు గానీ సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ మాత్రం స్కూల్ గేమ్స్ సెలక్షన్లప్పుడే గుర్తొస్తాయండి. అండర్ 14, అండర్ 17 టీములకి పేర్లు పంపమని కబురొస్తుంది, ఎవడి చెయ్యి జోరుగా ఉందో చూసి వాడిని పిచ్చర్‌ని, అంటే క్రికెట్లో బౌలర్‌లా బ్యాటర్‌కి బంతి వేసేవాడిని, చేసేస్తాం, పది రోజుల్లో వాడిచేత వందల బంతులు వేయిస్తాం, వాడూ సరదా కొద్దీ వేసేస్తాడు. నేను ఊళ్ళో పిల్లలకి పొద్దున్నపూట ఆట నేర్పిస్తుంటాను, చదువుకునే రోజుల్లో నేనూ సాఫ్ట్‌బాల్ ఆడినవాడినే. ఇదంతా రాయడానికి కారణం ఒక్క పిల్లాడు.

వాడికి అప్పుడు పదమూడేళ్ళు. ఒకేరోజు మూడు మ్యాచ్‌లు పడ్డాయి, మూడింట్లోనూ వాడే పిచ్చర్, ఒక మ్యాచ్ ఆఖర్లో మా క్యాచర్‌కి (వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) కాలు పట్టేస్తే ఆ ప్లేస్‌లో కూడా వాడినే కూర్చోబెట్టాను. ఎన్ని బంతులేశాడో నా దగ్గర లెక్కలేదు. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మగారు ఫోన్ చేసి "మాస్టారూ, వీడు అన్నం కలుపుకోడానికి చెంచా అడుగుతున్నాడండి, ఎప్పుడూ లేదు" అన్నారు. వెళ్ళి చూస్తే మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నాడు, మోచేతి లోపలివైపు బొడిపెలా ఉంటుంది కదా, ఆ ఎముక మీద వేలు పెట్టగానే చెయ్యి లాగేసుకున్నాడు. పక్కరోజు చూపిస్తే రెండు చేతులకీ ఎక్స్‌రే తీసి పక్కపక్కన పెట్టి చూపించారు డాక్టరుగారు, బంతి వేసే చేతిలో ఆ బొడిపెకీ పెద్ద ఎముకకీ మధ్య సందు రెండో చేతిలో కన్నా ఎక్కువుంది. ఆ తప్పు నాది. అప్పట్నుంచి నేర్చుకున్నదీ, ఇప్పుడు మా పిల్లలతో చేస్తున్నదీ వరసగా చెప్తాను, మీ ఇంట్లో బంతి విసిరే పిల్లలుంటే పాటించండి.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి. పిల్లల ఎముక పెద్దవాళ్ళ ఎముక లాంటిది కాదు. లేత బొండాం కొడితే లోపల చిప్ప ఇంకా మెత్తగా ఉంటుంది చూడండి, అలా ఎముక చివర్లలో గ్రోత్ ప్లేట్ అని మెత్తటి భాగం ఉంటుంది, ఎముక పెరిగేది అక్కణ్ణించే. మోచేతి లోపలి బొడిపె దగ్గర అది గట్టిపడి అతుక్కునేసరికి సుమారు 15 నుంచి 17 ఏళ్ళొస్తాయి, జబ్బ దగ్గరైతే ఇంకా ఆలస్యం. బంతి విసిరిన ప్రతిసారీ మోచేతి లోపలివైపు గట్టిగా లాగుతుంది. పెద్దవాళ్ళలో ఆ లాగుడికి లిగమెంట్ దెబ్బతింటుంది, పిల్లల్లో లిగమెంట్ కన్నా ఆ మెత్తటి ప్లేటే బలహీనం కాబట్టి ముందు అది సాగుతుంది. దీన్నే లిటిల్ లీగ్ ఎల్బో అంటారు (లిటిల్ లీగ్ అంటే అమెరికాలో పిల్లల బేస్‌బాల్ లీగ్, ఎల్బో అంటే మోచెయ్యి), జబ్బలో వస్తే లిటిల్ లీగ్ షోల్డర్. ఒక్క బంతితో వచ్చేది కాదు, వందల బంతులు, మధ్యలో రెస్ట్ లేకపోవడం, దానివల్ల వస్తుంది. రాకుండా ఆపగలిగేది కూడా అందుకే.

ఇంక చెయ్యాల్సినవి.

మొదటిది, ఇదే అన్నిటికన్నా ముఖ్యం, లెక్క రాయండి. టీముకి ఒక లెక్క కాదు, చేతికి ఒక లెక్క. స్కూల్లో పీడీ సారు మ్యాచ్‌లో వేయించినవి ఆయన లెక్కేస్తారేమో, సాయంత్రం వేరే చోట ప్రాక్టీస్‌కి వెళ్తే అక్కడ వేసినవి ఆయనకి తెలీదు, ఆదివారం కోతలైపోయిన చేలో టెన్నిస్ బాల్ టోర్నమెంట్‌లో వేసిన ఓవర్లు ఇద్దరికీ తెలీదు, కానీ ఆ చెయ్యికి మాత్రం అన్నీ తెలుసు. మా దగ్గర ఏం చేస్తామంటే, ప్రతి ఇంట్లో పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, అదే గడిలో కింద పిల్లాడు ఆ రోజు వేసిన బంతులు రాయమంటాను. లీటరున్నర, 40. అంతే. గ్రౌండ్‌లో లెక్కపెట్టడానికి చింతపిక్కలు. కుడి జేబులో పది పిక్కలు, పది బంతులకి ఒకటి ఎడమ జేబులోకి, ఆ పని బెంచీ మీద కూర్చున్న పిల్లాడికి అప్పగించండి, వాళ్ళు చాలా శ్రద్ధగా చేస్తారు, స్కోరు రాసేవాడి కన్నా వీళ్ళదే కరెక్టుగా ఉంటుంది.

ఇక్కడ అందరం మర్చిపోయేది ఒకటుంది. మన దగ్గర బాల్ వేసే మిషన్లు ఉండవు కాబట్టి మిగతా పిల్లలకి బ్యాటింగ్ ప్రాక్టీస్ అంటే మళ్ళీ ఆ పిచ్చర్‌నే వెయ్యమంటాం. అవి కూడా రాయాలి. కాస్త పెద్దపిల్లలున్నా, మీరే వెయ్యగలిగినా, బ్యాటింగ్ ప్రాక్టీస్ బంతులు పిచ్చర్ చేత వేయించకండి.

రెండోది, ఎన్ని వేస్తే చాలు. బేస్‌బాల్‌కి అమెరికాలో మేజర్ లీగ్ అనే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ వాళ్ళూ, అక్కడి ఆటని చూసుకునే యూఎస్ఏ బేస్‌బాల్ సంస్థ వాళ్ళూ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అని నిబంధనలు పెట్టారు, పిల్లల లీగుల్లో అయితే 2007 నుంచే ఇన్నింగ్స్ లెక్క మానేసి బంతుల లెక్కకి వచ్చేశారు. వాటి ప్రకారం ఒకరోజుకి 9, 10 ఏళ్ళ పిల్లలు 75, 11, 12 ఏళ్ళవాళ్ళు 85, 13 నుంచి 16 దాకా 95, 17, 18 ఏళ్ళవాళ్ళు 105, అంతకి మించకూడదు. ఇది గరిష్టం అండి, టార్గెట్ కాదు. 95 వేయించొచ్చు అన్నారు కదా అని 95 పూర్తి చేయించకండి, అక్కడి పిల్లలు నెలల తరబడి మెల్లగా పెంచుకుంటూ ఆ స్థాయికి వస్తారు, మన పిల్లాడు నిన్నటిదాకా బంతే పట్టలేదు. నేనైతే కొత్త పిల్లాడికి మొదటి రెండు వారాలు 30 దాటనివ్వను.

రెస్ట్ లెక్క 14 ఏళ్ళు, ఆలోపు వాళ్ళకి ఇలా ఉంటుంది: 20 బంతులలోపు అయితే మర్నాడు వెయ్యొచ్చు, 21 నుంచి 35 వేస్తే ఒకరోజు ఆగాలి, 36 నుంచి 50 అయితే రెండు రోజులు, 51 నుంచి 65 అయితే మూడు, 66 దాటితే నాలుగు రోజులు. 15, 16 ఏళ్ళవాళ్ళకి 30 దాకా ఆగక్కర్లేదు, 45 దాకా ఒకరోజు, 60 దాకా రెండు, 75 దాకా మూడు, ఆపైన నాలుగు. ఈ రెండు వరసలూ పేపరు మీద రాసి కిట్ బ్యాగ్ లోపల అంటించుకోండి, మ్యాచ్ వేడిలో ఏదీ గుర్తుండదు.

సాఫ్ట్‌బాల్ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర బాగా పాతుకుపోయిన మాట ఒకటుంది, "అది కిందనుంచి వేసేదే కదా, చేతికేం కాదు, ఆడపిల్లలు రోజంతా వెయ్యొచ్చు" అని. అది తప్పు. చెయ్యి చక్రంలా తిప్పి కిందనుంచి వేసే విండ్‌మిల్ పిచింగ్‌లో జబ్బ మీద పడే బలం పైనుంచి విసిరేదానికి ఏమీ తీసిపోదు, జబ్బ ముందువైపు కండ, దాని నరంలాంటి టెండన్ పట్టేస్తాయి. పైగా సాఫ్ట్‌బాల్ అంటే పేరుకే సాఫ్ట్, 12 అంగుళాల చుట్టుకొలత, 178 నుంచి 198 గ్రాముల బరువు, క్రికెట్ బంతి 163 గ్రాములకి మించదు, బేస్‌బాల్ 149. చిన్న అరచెయ్యి ఉన్న పిల్ల అంత పెద్ద బంతిని పట్టుకోవాలంటేనే ముంజేయి బిగుసుకుపోతుంది. అమెరికాలో స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్లు చెప్పే లెక్క 10 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి మ్యాచ్‌కి 65, రోజుకి 95, 13, 14 ఏళ్ళవాళ్ళకి మ్యాచ్‌కి 80, రోజుకి 115. 12 ఏళ్ళు, ఆలోపు వాళ్ళు వరసగా రెండు రోజులు వేస్తే మూడోరోజు అసలు వెయ్యకూడదు. మన టోర్నమెంట్లు సరిగ్గా మూడు రోజులే ఉంటాయి, అంటే రెండో పిచ్చర్ లేకుండా టీము పంపకూడదని అర్థం. ఇద్దరు కాదు, ముగ్గురిని తయారుచెయ్యండి. మూడోవాడు కొంచెం వీకైనా పర్లేదు, ఓడిపోతే ఓడిపోదాం.

పిచ్చర్ నించునే చోటు నుంచి బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేట్ దాకా దూరం కూడా కొలవండి. బేస్‌బాల్‌లో పెద్దవాళ్ళ దూరం 60 అడుగుల 6 అంగుళాలు, 12 ఏళ్ళ పిల్లలకి అమెరికాలో 46 అడుగులే పెడతారు. సాఫ్ట్‌బాల్‌లో ఆడవాళ్ళ దూరం 43 అడుగులు, 12 ఏళ్ళవాళ్ళకి 40. మనం అడుగులేసి ఉజ్జాయింపుగా గీత గీసేస్తాం, నాది ఆరడుగుల మనిషి అడుగు, పిల్లాడికి అయిదారు అడుగులు ఎక్కువొచ్చేస్తుంది, ఆ దూరం అందుకోడానికి వాడు నడుం వదిలేసి ఒట్టి చేత్తో లాగుతాడు. టేపు పెట్టి కొలవండి.

మూడోది, పిచ్చర్‌ని క్యాచర్ చెయ్యకండి. నేను చేసిన తప్పు ఇదే. మ్యాచ్‌లో పిచ్చర్ తర్వాత ఎక్కువసార్లు బంతి విసిరేది క్యాచరే, వచ్చిన ప్రతి బంతినీ తిరిగి విసరాలి కదా. లిటిల్ లీగ్ రూల్స్‌లో 41 బంతులు వేసిన పిల్లాడు ఆరోజు ఇంక క్యాచర్‌గా కూర్చోకూడదు, నాలుగు ఇన్నింగ్స్ క్యాచర్‌గా ఉన్నవాడు ఆరోజు పిచ్చింగ్ చెయ్యకూడదు. వేసేసిన పిల్లాడిని ఫస్ట్ బేస్‌లో, అంటే బ్యాటర్ కొట్టాక ముందు పరుగెత్తి చేరే చోట పెట్టండి, అక్కడ విసిరే పని తక్కువ.

నాలుగోది వార్మప్. మన పిల్లలు సైకిలు స్టాండేసి నేరుగా బాల్ తీసి విసరడమే వార్మప్ అనుకుంటారు. అలా కాదు, ఒళ్ళు వేడెక్కాక బంతి పట్టాలి. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు మెల్లగా, తర్వాత మోకాళ్ళు పైకెత్తుతూ, పక్కకి, వెనక్కి, అప్పుడు చేతులు చిన్న గుండ్రాలు, పెద్ద గుండ్రాలు, నడుం తిప్పడం, చెమట సన్నగా పట్టాలి. ఆ తర్వాత ఇరవై, ముప్ఫై అడుగుల దూరంలో మెల్లగా విసురుకోవడం, దూరం పెంచుకుంటూ వెళ్ళి అప్పుడు పిచింగ్. ధనుర్మాసంలో కాలవ గట్ల మీద మంచు పట్టి ఎదుటి మనిషి కనపడడు చూడండి, ఆ రోజుల్లో ఇంకో పది నిమిషాలు ఎక్కువ పట్టినా పర్లేదు. వానాకాలంలో ఇంకో చిక్కుంది, తడిసిన బంతి బరువెక్కుతుంది, జారుతుంది, జారకుండా గట్టిగా నొక్కిపట్టి వేస్తారు. అందుకని రెండు, మూడు బంతులు పెట్టుకుని పొడిగుడ్డతో తుడుస్తూ మార్చి మార్చి ఇవ్వండి, గ్రౌండ్ బురదగా ఉండి ముందుకాలు జారుతుంటే ఆరోజు పిచింగ్ ఆపేసి పరుగులు పెట్టించండి, కాలు నిలవకపోతే ఆ భారమంతా చేతిమీదే పడుతుంది.

బంతి వేగం చేతిలోంచి రాదు అన్నది పిల్లలకి చెప్పి చెప్పి చూపించాలి. కాళ్ళలోంచి, తుంటిలోంచి, నడుంలోంచి వచ్చి ఆఖరికి చేతిలోకి దిగుతుంది. చేపలు పట్టేవాళ్ళు వల విసిరేటప్పుడు చూడమంటాను మా పిల్లల్ని, ఆయన ముందు ఒళ్ళంతా తిప్పుతాడు, చెయ్యి ఆఖర్న వస్తుంది, ఒట్టి చేత్తో విసిరితే వల అక్కడే కుప్పలా పడుతుంది. పిచ్చర్‌కీ అంతే. ముందుకాలు క్యాచర్ వైపు తిన్నగా పడుతుందా, మోచెయ్యి భుజం ఎత్తుకి వస్తుందా, ఛాతీ ముందే తిరిగిపోయి చెయ్యి వెనకబడుతోందా, ఈ మూడు ఫోన్లో స్లో మోషన్‌లో పక్కనుంచీ, ముందునుంచీ తీసి పిల్లాడికే చూపించండి, వాడే దిద్దుకుంటాడు. కర్వ్‌బాల్ లాంటి తిప్పుడు బంతులు యూట్యూబ్‌లో చూసొచ్చి వేస్తామంటారు, ముందు తిన్నటి ఫాస్ట్‌బాల్, ఆ తర్వాత చేంజప్ (అదే ఊపుతో వేసినా మెల్లగా వచ్చే బంతి), ఆ రెండూ కుదిరాకే మిగతావి. బరువు బంతులతో ప్రాక్టీస్ అసలు వద్దు.

బలం కోసం జిమ్ అక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబ్ ఒకటి చాలు, అడ్డంగా రెండు కోసి ఒక కొస కిటికీ ఊచకి కట్టి, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, మడతపెట్టిన తువ్వాలు చంకలో పెట్టుకుని, ముంజేయిని బయటికి మెల్లగా లాగి మెల్లగా వదలాలి, 15 సార్లు, రెండు మూడు విడతలు. అలాగే రెండు చేతులూ ముందుకి చాపి వెనక్కి లాగడం, భుజపు రెక్కలు దగ్గరికి రావాలి. ప్లాంక్, ఒంటికాలి మీద గుంజీళ్ళు. వారంలో మూడు రోజులు, బంతులేసిన తర్వాత చెయ్యండి, వెయ్యకముందు కండలు అలిసిపోయేలా చెయ్యొద్దు. ట్యూబ్ పాతదైతే పగుళ్ళున్నాయేమో చూసుకోండి, తెగి మొహానికి తగిలితే కష్టం.

ఇప్పుడు అలుపు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే లెక్కకి కూడా దొరకనిది ఇది. అమెరికాలో 2006లో ఒక స్టడీ వచ్చింది, చేతి ఆపరేషన్ దాకా వెళ్ళిన కుర్రాళ్ళనీ, ఏ దెబ్బాలేని కుర్రాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూశారు. ఏడాదికి ఎనిమిది నెలల కన్నా ఎక్కువ పిచింగ్ చేసినవాళ్ళు ఆపరేషన్ గుంపులో ఉండే అవకాశం 5 రెట్లు, చెయ్యి అలిసిపోయినా తరచూ వేస్తూ పోయినవాళ్ళకి ఏకంగా 36 రెట్లు. ఆ ముప్ఫై ఆరు చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. అందుకే 40 బంతులే అయినా పిల్లాడు అలిసిపోతే ఆపెయ్యాలి. అలుపు వాడు నోటితో చెప్పడు, చెప్తే తీసేస్తారని భయం. మీరే చూడాలి. బంతులు పైకి పైకి పోతుంటాయి, మోచెయ్యి భుజం కిందకి జారుతుంది, బంతికీ బంతికీ మధ్య టైం ఎక్కువ తీసుకుంటాడు, చెయ్యి విదిలించుకుంటాడు, జబ్బ పట్టుకుని తిప్పుకుంటాడు. వీటిల్లో రెండు కనపడ్డాయా, మార్చెయ్యండి. మా పిల్లలతో ఒక ఒప్పందం పెట్టుకున్నాను, "నొప్పి" అని చెప్పినవాడి ప్లేసు పోదు, తర్వాతి మ్యాచ్‌కి వాడి పేరు టీములో రాసి చూపిస్తాను. మొదటి ఏడాది ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు ఒక్కొక్కరూ వచ్చి చెప్తున్నారు.

నొప్పి బిళ్ళ వేసి దించడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. బిళ్ళ నొప్పిని కప్పుతుంది, ప్లేటు సాగడం ఆపదు. బామ్ రాసి గట్టిగా మర్దనా చెయ్యడం, ఊళ్ళో ఎవరో ఎముకలు సరిచేస్తారని చెయ్యి లాగించుకోవడం, ఇవీ వద్దు.

ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్ ఉండకూడదు, అందులో కనీసం రెండు మూడు నెలలు వరసగా చెయ్యి పైకెత్తి విసిరే పనే ఉండకూడదు. మన దగ్గర ఈ విరామం ఎప్పుడు పెట్టాలన్నదే అసలు తలనొప్పి, వేసవిలో దాళ్వా కోతలై, కాలవలు కట్టేశాక స్కూలు ఉండదు కాబట్టి రెస్ట్ అనుకుంటాం, కానీ ఊరూరా క్రికెట్ టోర్నమెంట్లు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే, పైగా పిల్లలు మామిడికాయల కోసం రోజంతా రాళ్ళు విసురుతుంటారు. అందుకని నేను చెప్పేది ఏంటంటే ఏప్రిల్, మే నెలల్లో పిచ్చర్ పిల్లాడిని క్రికెట్ ఆడుకోనివ్వండి, బౌలింగ్ వద్దు, బ్యాటింగ్ చెయ్యమనండి, కాలవలు వదిలాక ఈత కొట్టేవాడుంటే పెద్దవాళ్ళ తోడుతో మెల్లగా కొట్టనివ్వండి, కబడ్డీ, వాలీబాల్లో గట్టి స్మాష్‌లు కొట్టకుండా ఆడుకోనివ్వండి. ఒకవేళ బౌలింగ్ వెయ్యాల్సిందే అంటే ఇంగ్లండ్ బోర్డు ఫాస్ట్ బౌలర్లకి పెట్టిన హద్దు చూడండి, అండర్ 13 అయితే స్పెల్‌కి 5 ఓవర్లు, రోజుకి 10. ఆ ఓవర్లు కూడా క్యాలెండర్‌లో రాయాలి, బౌలింగ్ వేసినరోజు పిచింగ్ ఉండదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు. ఆడిన మర్నాడు కండలు పట్టేసినట్టుంటే అది మామూలే, రెండు రోజుల్లో పోతుంది. మోచేతి లోపలివైపుగానీ జబ్బ పైభాగంలోగానీ ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఉంటే, మోచెయ్యి రెండో చేతిలా పూర్తిగా చాపలేకపోతే, వాపుంటే, మడిచినప్పుడు ఇరుక్కున్నట్టవుతుంటే, చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరెక్కుతుంటే, రాత్రి నొప్పికి మెలకువొస్తుంటే, బంతి వేసేటప్పుడు టప్‌మని చప్పుడైతే ఆరోజే విసరడం ఆపించి ఎముకల డాక్టరుకి చూపించండి. అమలాపురంలో, కాకినాడలో, భీమవరంలో ఆర్థోపెడిక్ డాక్టర్లు ఉన్నారు, వెళ్ళినప్పుడు "పడ్డాడండి" అని కాదు, "బంతులు వేస్తాడండి, వారానికి ఇన్ని" అని క్యాలెండర్ తీసుకెళ్ళి చూపించండి. గ్రోత్ ప్లేట్ దగ్గర తేడా చిన్నది కాబట్టి ఒక్క చెయ్యి ఎక్స్‌రేలో తెలీకపోవచ్చు, రెండో చేతితో పోల్చి చూడాల్సి వస్తుంది, ఎక్స్‌రే మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్ళీ వెళ్ళాలి.

రెస్ట్ అంటే వారం కాదు, డాక్టరు చెప్పినన్నాళ్ళు, జబ్బ ప్లేటుకైతే మూడు నెలలు కూడా పడుతుంది. ఆ టైంలో పిల్లాడిని ఇంట్లో కూర్చోబెట్టకండి, స్కోరు రాయించండి, బేస్ రన్నింగ్ చేయించండి, లేకపోతే ఆటే మానేస్తాడు. డాక్టరు సరేనన్నాక నేరుగా పిచింగ్ కాదు. 45 అడుగుల దూరంలో మెల్లగా 25 విసిరి, అయిదు పది నిమిషాలాగి, మళ్ళీ 25. రోజు విడిచి రోజు. నొప్పి లేకపోతే 60 అడుగులు, తర్వాత 90, నొప్పి వస్తే ఆపేసి, అది పూర్తిగా తగ్గాక కింద మెట్టు నుంచి మొదలుపెట్టాలి. మావాడికి ఆ సీజనంతా పోయింది, ఏడుస్తూ స్కోరు రాశాడు, తర్వాత ఏడాది 45 అడుగుల దగ్గర మొదటి 25 విసిరిన రోజు వాళ్ళమ్మగారు గట్టుమీద కూర్చుని చింతపిక్కలు జేబు మార్చారు, ఇరవయ్యో బంతికే "ఇంక చాలు నానా" అని కేకేశారు, నేను "ఇంకా అయిదున్నాయండి" అన్నాను, ఆవిడ ఊరుకోలేదు. ఇరవైకే ఆపేశాం. క్యాలెండర్‌లో పాలు రెండు లీటర్లు, కింద 20.